చప్పట్లున్నంతసేపే వంతెన

తొట్టివలస ఊరవతల పారే గెడ్డ మీద వంతెన ఎన్నికల సభ జరుగుతున్నంతసేపే ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు. "వంతెన వచ్చేసినట్టే అనుకోండి!" అని అభ్యర్థి మైకులో అన్నాడు, జనం చప్పట్లు కొట్టారు, వంతెన వచ్చింది. నికార్సయిన సిమెంటు వంతెన. సభ ముగిసి శామియానా విప్పగానే పోయింది.

ఆ పూట తవిటమ్మ దాని మీదుగా సంతకెళ్లి, తిరిగొస్తూ నడిమధ్యలో ఉంది. మొలలోతు నీళ్లలో పడింది. కొన్న వంకాయలన్నీ కొట్టుకుపోయాయి. ఆమె నోరు మామూలు నోరు కాదు, తిన్నగా మండలాఫీసుకెళ్లి దులిపేసింది. ఇంజనీరు మాత్రం ఫ్యాను కింద కూర్చుని చల్లగా చెప్పాడు.

"ఆయనన్నది అబద్ధం కాదమ్మా. మాటకి సందర్భం ఉండాలి. సందర్భాన్ని మీరే విప్పి లారీకెక్కించారు. ఇంక మాటెలా నిలుస్తుంది?"

తవిటమ్మ "వంతెన వచ్చేసినట్టే" అన్న ఆ మాటనే ఇంటి అరుగు మీద అని చూసింది. కుక్క తలెత్తి మళ్లీ పడుకుంది. టీకొట్టు దగ్గర అంటే "నీకేటి, మతిపోనాదా?" అన్నారు.

వానాకాలం ముసురులో ఆమె కూతురు గౌరికి నొప్పులొచ్చాయి. గెడ్డ పొంగుతోంది. అంబులెన్సు అవతలి ఒడ్డున హారన్ కొడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందని, ఆసుపత్రికి చేర్చకపోతే ఇద్దరూ దక్కరని మంత్రసాని చేతులెత్తేసింది. తవిటమ్మ శామియానాలు అద్దెకిచ్చే అప్పలస్వామి ఇంటికి పరుగెత్తింది.

"తమ్ముడూ, బేగి సభెట్టాల!"

"ఇప్పుడు ఎలచ్చన్లెక్కడివప్పా?"

"నా కూతురు సచ్చిపోతంటే ఎలచ్చన్లంటావేటిరా!"

అప్పలస్వామి గుంజలు భుజానికెత్తుకున్నాడు. శామియానా లేచింది, జెండాలు కట్టారు. గుమ్మడిపూల దండ వేసుకుని, తెల్లచొక్కా తొడుక్కుని తనే మైకు పట్టి ఆ మాటన్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. వంతెన సగమే వచ్చి ఆగింది. ఏం తక్కువైందో ఎవరికీ తట్టలేదు. చివరికి ఓ ముసలాయన "బిర్యానీ పొట్లాలేవర్రా?" అన్నాడు. గబగబా చద్దన్నం పొట్లాలు కట్టి పంచారు. మిగతా సగం వచ్చింది.

గౌరిని మంచంతో సహా ఎత్తుకున్నారు. ఒక కోడు తవిటమ్మే పట్టింది. నడిమధ్యకు చేరేసరికి వెనక చప్పట్లు పలచబడ్డాయి, కాళ్ల కింద సిమెంటు బురదలా మెత్తబడింది. తవిటమ్మ వెనక్కి తిరిగి అరిచింది.

"కొట్టండెహె! మీ చేతులడిపోనూ, కొట్టండి!"

కొట్టారు. మంచం ఒడ్డు దాటింది. తల్లీబిడ్డా దక్కారు. తవిటమ్మ అంబులెన్సు చక్రం పక్కన కూలబడి భోరుమంది.

అప్పట్నుంచి శామియానా విప్పలేదు, ఊళ్లో వంతులు పడ్డాయి. పొద్దున బడిపిల్లలు దాటడానికి ఒక వీధివాళ్లు, సాయంత్రం పాలక్యాన్లు దాటడానికి ఇంకో వీధివాళ్లు చప్పట్లు కొడతారు. ఇంజనీరు ఓ ఉదయం వచ్చి, వంతెన మీద నడిచి చూసి, పని పూర్తయిందని రాసుకుని వెళ్లాడు. వంతెన కావాలని అడగడం ఊరు మానేసింది. ఉన్నదాన్ని ఎలా అడుగుతారు?

మళ్లీ ఎన్నికలొచ్చాయి. అభ్యర్థి వచ్చి, బొబ్బలెక్కిన అరచేతులు చూసి కళ్లు తుడుచుకున్నాడు. పాపం, మనసున్న మనిషి.

"ఇకమీదట మీ చేతుల మంట తీరిపోయినట్టే అనుకోండి!"

జనం చప్పట్లు కొట్టారు. నిజంగానే మంట ఇట్టే చల్లారింది. మనవరాలిని చంకనేసుకొచ్చిన తవిటమ్మ పిల్లను కింద దించి తనూ కొట్టింది. ఎంత హాయిగా ఉందో! అభ్యర్థి కారెక్కి వెళ్లిపోయాడు. చీకటి పడింది. ఆపితే మళ్లీ మండుతుందని ఎవరూ చప్పట్లు ఆపడం లేదు.