ఏడ్చిన మిరపకాయల మూట

మిరపకాయలు గుంటూరు వెళ్ళే రోజు పేరయ్య ఇంట్లో పనులన్నీ ముందుగానే అనుకున్నవే. తెల్లవారకముందే కళ్ళంలో కాయలు మూటలకు ఎత్తాలి. నాగూర్ వలి లారీ రాగానే ఎక్కించాలి. పేరయ్య డ్రైవరు పక్కన కూర్చుని మిర్చి యార్డుకు వెళ్ళాలి. చేరగానే ఇంటికి ఫోను చెయ్యాలి. ఈ చివరి పని ఆయన భార్య సుబ్బరావమ్మ పెట్టినది. మిగతావాటిలో ఏది ఆలస్యమైనా ఆమె ఏమీ అనదు.

పోయిన ఏడాది పేరయ్య చేలో కళ్ళు తిరిగి పడిపోయాడు. వినుకొండ డాక్టరు చూసి బీపీ ఉందన్నాడు, మాత్రలు రాశాడు, కంగారు పడాల్సిందేమీ లేదన్నాడు. డాక్టరు అంత నింపాదిగా చెప్పాడంటే ఏదో దాస్తున్నాడని సుబ్బరావమ్మకు అర్థమైంది. ఆ వారంలోనే మొగుడి చేత సెల్‌ఫోను కొనిపించింది. ఇంట్లో ల్యాండ్‌లైను ఎలాగూ ఉంది. ఆయన ప్రాణం ఆ రెండింటి మధ్యా భద్రంగా ఉంటుందని ఆమె లెక్క.

ఫోను వచ్చాక భయం తగ్గాలి. తగ్గలేదు. ఇదివరకు ఆయన పొలం వెళితే చీకటి పడేదాకా భయపడటానికి వీలుండేది కాదు. ఇప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు భయపడొచ్చు. పైగా ఆయన సగం సార్లు ఫోను ఎత్తడు. అడిగితే ట్రాక్టరు మోతలో వినపడలేదంటాడు.

అందుకని ముందురోజు సాయంత్రం, పేరయ్య కాయలకు కాపలాగా కళ్ళంలో పడుకోవడానికి వెళ్ళాక, డిగ్రీ చదువుతున్న కూతురు శ్రీరమ్య ఆయన ఇంట్లో వదిలి వెళ్ళిన ఫోనుకు రింగు మార్చింది. కాలేజీలో స్నేహితురాలి ఫోనులోంచి తెచ్చుకున్న రింగు అది. పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది.

"ఏడుపేమిటే, సరుకు బయల్దేరే పూట!" అంది సుబ్బరావమ్మ.

"నవ్వేది కూడా ఉందమ్మా. నవ్వితే నాన్న ఎత్తడు."

ఈ మాట నిజమేననిపించి సుబ్బరావమ్మ ఊరుకుంది. పొద్దున్నే కళ్ళానికి వెళ్ళి ఫోను తన చేత్తోనే మొగుడి చొక్కా జేబులో పెట్టింది. మాత్ర మర్చిపోవద్దంది, లారీలో కిటికీ పక్కన కూర్చోవద్దంది, కూర్చుంటే చెయ్యి బయట పెట్టొద్దంది. చెప్పాల్సినవి ఇన్ని ఉండటంతో రింగు సంగతి చెప్పలేదు.

ఆఖరి మూట కొంచెం వెలితిగా ఉందని పేరయ్య వంగి, రెండు చేతులతో కాయలు కూరాడు. జేబులోని ఫోను కాయల్లోకి జారింది. ఎవరూ చూడలేదు. పక్కనున్న కూలీ దబ్బనంతో మూట నోరు కుట్టేశాడు.

నరసరావుపేట దాటాక పేరయ్య జేబు తడుముకున్నాడు.

"ఒరేయ్ నాగూరూ, ఫోను కళ్ళంలో పడేసుకొచ్చినట్టున్నాన్రా."

"ఎస్టీడీ బూత్ దగ్గర ఆపనా బాబాయ్? పిన్నికి చెబుదువుగాని."

పేరయ్య ఆలోచించాడు. ఫోను కళ్ళంలో ఉంటే సుబ్బరావమ్మకు దొరుకుతుంది. దొరికితే ఆయన దగ్గర ఫోను లేదని ఆమెకు తెలుస్తుంది. తెలిస్తే చెయ్యదు. ఇందులో ఎక్కడా నష్టం కనిపించలేదు.

"వద్దులే, పోనీ," అన్నాడు. చుట్ట వెలిగించి, కిటికీ పక్కకు జరిగి, చెయ్యి బయట పెట్టి కూర్చున్నాడు.

ఆ సమయానికి ఇంట్లో సుబ్బరావమ్మ నంబరు నొక్కుతూనే ఉంది. అవతల మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మోగుతోందంటే ఫోనుకు ఏమీ కాలేదన్నమాట. ఫోనుకు ఏమీ కాకుండా మనిషి పలకడం లేదంటే, అయినదేదో మనిషికే అయ్యుండాలి. ఈ సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోయింది.

పొదిలిలో ఉన్న ఆడపడుచు పేరమ్మకు ఫోను చేసింది.

"వదినా, మీ తమ్ముడు ఫోనెత్తట్లేదు."

"దేంట్లో వెళ్ళాడు?"

"లారీలో."

"లారీలోనా! మా వీధి చివరాయన కూడా మొన్న లారీలోనే వెళ్ళాడు, సుబ్బరావమ్మా."

"ఏమైందొదినా ఆయనకి?"

"ఏం కాలేదు. వచ్చేశాడు. కానీ లారీ కదా!"

పేరమ్మ ఫోను పెట్టేసి తన కూతురికి చెప్పింది. కూతురు తెలిసినవాళ్ళకు చెప్పింది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు సుబ్బరావమ్మ ఇంట్లోనే ఫోను మోగింది. వినుకొండ నుంచి ఆమె పిన్ని కూతురు ధనశ్రీ.

"అక్కా, బావ ఎక్కిన లారీ నరసరావుపేట దాటాక పల్టీ కొట్టిందంటగా! పొదిలి వాళ్ళు చెప్పారు."

సుబ్బరావమ్మ గోడ పట్టుకుంది.

"అమ్మా, పొదిలికి చెప్పింది మనమేగా!" అంది శ్రీరమ్య.

"మనం ఆయన ఫోనెత్తట్లేదని చెప్పాం. లారీ పల్టీ కొట్టిందని చెప్పామా? లేదుగా! అంటే వాళ్ళకి ఇంకెవరో చెప్పారు."

సుబ్బరావమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ నంబరు నొక్కింది.

గుంటూరులో అప్పుడే పేరయ్య మూటలు దానయ్య కమీషన్ కొట్టు ముందు దించారు. హమాలీలు చెమట తుడుచుకుంటున్నారు. మిరప ఘాటుకు అందరూ మామూలుగా దగ్గుతున్నారు. అంతలో మూటల్లోంచి పసిపిల్ల ఏడ్చింది.

దగ్గులు ఆగిపోయాయి.

"అమ్మో, పసిగుడ్డు!" అని కాయలు ఏరే ఆడమనిషి గుండెలు బాదుకుంది. "మూటలో పెట్టి కుట్టేశారు!"

జనం చుట్టూ మూగారు. ఒకరు ఈ మూట అన్నారు, ఒకరు ఆ మూట అన్నారు. దానయ్య వంగి ఒక్కో మూటకూ చెవి ఆనించాడు. అంతలో అక్కడ సుబ్బరావమ్మ ఫోను పెట్టేసింది. ఇక్కడ ఏడుపు ఆగిపోయింది.

ఈ నిశ్శబ్దాన్ని ఎవరూ తట్టుకోలేకపోయారు.

"ఊపిరాడట్లేదు! కొయ్యండయ్యా!"

"కత్తి తేండ్రా!" అని అందరికంటే గట్టిగా అరిచింది పేరయ్య. ఆయన మెత్తని మనిషి. దొరికిన కత్తి లాక్కుని మొదటి మూట తనే కోశాడు, తర్వాత రెండోది కోశాడు. ఏడాది కష్టం కాళ్ళ కింద ఎర్రగా పరుచుకుంది. తన మూటలు తనే కోసుకుంటున్న రైతును ఆ కొట్ల వాళ్ళు అదివరకు చూసి ఉండరు.

సుబ్బరావమ్మ మళ్ళీ నొక్కింది. పిల్ల మళ్ళీ ఏడ్చింది.

"బతికే ఉంది!" అని జనం చప్పట్లు కొట్టారు. ఒకాయన దండం పెట్టాడు.

ఆ సంతోషంలో ఎవరో అడిగారు, "అవునూ, ఈ మూటలు ఎవరివి?"

"నావే," అన్నాడు పేరయ్య, కత్తి చేతిలో ఉండగానే.

చప్పట్లు ఆగిపోయాయి. గేటు దగ్గరి కానిస్టేబుల్ జయరావు జనాన్ని తోసుకుంటూ వచ్చి పేరయ్య కాలరు పట్టుకున్నాడు. "ఎవరి పిల్లరా?" అన్నాడు. మిగిలిన మూటలను హమాలీలు కోసేశారు. కాయల్లోంచి, ఏడుస్తూ, వెలుగుతూ, ఫోను బయటపడింది.

పేరయ్య నోరు తెరిచాడు. "సార్, ఫోను నాదే. ఏడుపు మాత్రం నాది కాదు."

"నీదో కాదో తేలుస్తా. నువ్వు మాట్లాడకు," అని జయరావు ఫోను ఎత్తి చెవికి ఆనించుకున్నాడు. ఫోను నిండా మిరప పొడి ఉంది. చెవి భగ్గుమంది. ఇంకో చెవికి మార్చాడు. అదీ మండింది. చేసేది లేక ఫోను దూరంగా పట్టుకుని స్పీకరు నొక్కాడు.

"హలో! ఎవరమ్మా?"

"ఇది మా ఆయన ఫోను. మీరెవరు?" సుబ్బరావమ్మ గొంతు కొట్లన్నిటికీ వినిపించింది.

"పోలీసులం."

అవతల ఏడుపు మొదలైంది.

"కంగారు పడొద్దమ్మా. ఇది మూటలో దొరికింది, అంతే."

"అప్పుడే మూట కట్టేశారా బాబూ!"

జయరావు చెవి రుద్దుకుంటున్నాడు కాబట్టి ఈ మాట మీద అంత దృష్టి పెట్టలేదు. "ముందు మీ ఆయన గుర్తులు చెప్పండి. సరిపోతే అప్పజెప్పేస్తాం."

సుబ్బరావమ్మ ఏడుస్తూనే చెప్పింది. కానీ ఒక్కటి కూడా వదిలిపెట్టకుండా చెప్పింది. పొరపాటున వేరేవాళ్ళ శవం తన ఇంటికి రావడం ఆమెకు ఇష్టం లేదు.

"చామనఛాయండీ. ముందు పన్ను విరిగి ఉంటుంది. నడుం కింద, ఎడమ పక్క, కూర్చునే చోట శనగగింజంత పుట్టుమచ్చ."

జనం పేరయ్య వైపు చూశారు. పన్ను సరిపోయింది.

"మచ్చ కూడా చూడండి సార్!" అన్నాడు వెనక నుంచి ఒక హమాలీ.

"సార్, ఆపమనండి సార్," అన్నాడు పేరయ్య.

"నువ్వుండు. ఇంకా చెప్పమ్మా."

"నీలం చారల డ్రాయరు బాబూ. లోపల జేబు నేనే కుట్టాను. సరుకు డబ్బులు అందులోనే పెట్టుకుంటాడు. ఎవరి చేతా పడకుండా మీరే తియ్యండి. పాపం, రెండ్రోజులుగా విరేచనం కూడా కాలేదండీ, ఆ కడుపుబ్బరంతోనే పోయాడు."

"ఒసేయ్, ఆపవే!" అని పేరయ్య కాలరు విడిపించుకుని ఫోను మీదికి వంగి అరిచాడు. "నేను బతికే ఉన్నా!"

అవతల ఏడుపు ఠక్కున ఆగింది.

"బతికుండి ఫోనెత్తడానికేం రోగం?"

"మూటలో పడిపోయిందే."

"మాత్ర వేసుకున్నావా?"

కొట్ల ముందున్న జనమంతా ఆయన జవాబు కోసం చూశారు. ఆయన వేసుకోలేదు. దానయ్య లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు.

చెల్లాచెదురైన కాయలు మళ్ళీ ఎత్తడానికి అందరూ సాయం పట్టారు. సుబ్బరావమ్మ ఇంకా లైనులోనే ఉంది. జయరావుకు మిరప పొడి వల్ల కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. ఆయన గొంతు విని, తన కష్టానికే ఏడుస్తున్నాడని ఆమె అనుకుంది. "మీరు ఎవరు కన్న బిడ్డోగానీ బాబూ, చల్లగా ఉండండి," అంది. జయరావు మెత్తబడ్డాడు.

"నా నంబరు రాసుకోమ్మా. ఈయన ఇక్కడికొచ్చినప్పుడు ఏదన్నా భయమేస్తే నాకు చెయ్యండి," అన్నాడు.

ఉద్యోగంలో చేరాక ఆయన చాలామందికి చాలా మాటలు ఇచ్చాడు. ఒకరు ఆయన మాటను నిజంగా పట్టించుకోవడం ఇదే మొదలు.

పేరయ్య బస్సులో తిరిగి వచ్చాడు. సరుకు డబ్బు టిఫిన్ క్యారియరు అడుగు గిన్నెలో పెట్టుకున్నాడు. డ్రాయరు సంగతి గుంటూరులో తెలియనివాళ్ళు ఎవరూ మిగల్లేదని ఆయనకు అనిపించింది. ఇంటి ముందు పరామర్శకు వచ్చినవాళ్ళ కోసం కుర్చీలు వేసి ఉన్నాయి. పేరమ్మ ఆయన్ని చూసి లేచి నిలబడింది.

"పొదిలి నుంచి ఇక్కడిదాకా బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాన్రా. కండక్టరు టిక్కెట్టు కూడా అడగలేదు."

"నాకేం కాలేదక్కా," అన్నాడు పేరయ్య. తప్పు చేసినట్టే అన్నాడు.

ఆ రాత్రి ఎవరూ ఆయన మీద కోప్పడలేదు. సుబ్బరావమ్మ అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, ఆయన తినడం అయ్యేదాకా చూసింది. ఆయన కూడా ఒకటి రెండుసార్లు తలెత్తి చూశాడు.

రెండో కోత కాయలతో మళ్ళీ బయల్దేరినప్పుడు శ్రీరమ్య ఫోనుకు తాడు కట్టి నాన్న మెళ్ళో వేసింది. నరసరావుపేట వచ్చింది. ఫోను మోగలేదు. పేరయ్య తీసి చూశాడు. సిగ్నలు ఉంది. ఫిరంగిపురం వచ్చింది. మోగలేదు. మొదట హాయిగా అనిపించింది. తర్వాత హాయిగా అనిపించలేదు. తనే ఇంటికి చేశాడు. ఎంగేజ్. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఎంగేజ్.

"కొంచెం తొందరగా పోనీరా నాగూరూ."

"ఏమైంది బాబాయ్?"

"మీ పిన్ని ఎవరితో మాట్లాడుతుందిరా ఇంతసేపు? పక్కింటివాళ్ళతో అయితే గోడ మీంచే మాట్లాడుతుంది. ఫోను సరిగ్గా పెట్టకుండా పడిపోయిందేమో. పడింది ఫోనా, మనిషా?"

నాగూర్ వలి ఆయన ముఖం చూసి లారీ వేగం పెంచాడు.

యార్డు గేటు దగ్గర జయరావు నిలబడి ఉన్నాడు. ఫోను చెవికి ఆనించుకుని తల ఊపుతున్నాడు. లారీ దిగిన పేరయ్యను చూసి ఆయన ప్రాణం లేచి వచ్చింది.

"ఇదిగోనమ్మా, వచ్చేశాడు. కాళ్ళ మీదే నిలబడ్డాడు. ఆఁ, ముఖం బాగానే ఉంది. చెమట పట్టింది, అంతే." ఫోను పక్కకు తీసి అడిగాడు, "ఎందుకు పట్టిందని అడుగుతున్నారయ్యా."

పేరయ్య ఫోను లాక్కున్నాడు. "నీకేం కాలేదు కదా?"

"నాకేమవుద్ది?" అంది సుబ్బరావమ్మ. "ఫోను సార్‌కియ్యి. ఆయనకి గ్యాసంట, వాము నీళ్ళు ఎట్లా కాచుకోవాలో చెబుతున్నా. రాత్రికి వాళ్ళావిడకీ చెబుతా."

ఉగాది వెళ్ళాక జయరావు తన ఫోను నంబరు మార్చాడు. కొత్త నంబరును ఆయన భార్యే స్వయంగా ఫోను చేసి సుబ్బరావమ్మకు ఇచ్చింది.