నంబర్ పడ్డది

ఇడ్లీ వాయి దింపేలోగా ఫలితం తెలిసిపోవాలని పుష్పలత ఏర్పాటు. అందుకే హాల్‌టికెట్ చేతిలో పెట్టి, భర్త రవీందర్‌ను బూర్గంపాడు సెంటర్లోని ఇంటర్నెట్ షాపుకు తోలింది. దూరవిద్య డిగ్రీ చివరి పరీక్ష రాయడం ఆమెకిది రెండోసారి. "ఈసారి నంబర్ పడకపోతే పుస్తకాలు అటకెక్కుడే" అని అత్తగారు ఆదెమ్మ ముందే తీర్పు చెప్పింది. పేపర్లో నంబర్ అచ్చుపడితే పాసు, పడకపోతే ఫెయిలు. ఆదెమ్మకు తెలిసిన పరీక్ష అదే.

ఫోన్ మోగితే ఆదెమ్మే ఎత్తింది.

"అమ్మా, నంబర్ పడ్డదే! నేను..."

మిగతాది వినే ఓపిక ఆమెకు లేదు. "కోడలా, నీ నంబర్ పడ్డదట!" అని కేకేసి, నువ్వుల లడ్డూల డబ్బాతో వీధిలోకి నడిచింది.

పుష్పలత ఆనందం ఇంకా గొంతులోనే ఉంది. ఇంతలో రవీందర్ పరుగున వచ్చాడు.

"ఏందయ్యా, గట్ల చెమటలు పట్టినయ్? పాసైన గద!"

"పాసెక్కడిది? మౌస్ ముట్టుకున్ననో లేదో, తెర మీది వెతికే పెట్టె ఊడి తెర అడుక్కు పడ్డది. అండ్ల నీ నంబర్ కొడితే అదీ పడ్డది. కంప్యూటర్ ఖరాబు చేసిననంటరని ఉరికొచ్చిన."

పుష్పలత పొయ్యి ఆర్పి, అతన్ని వెంటబెట్టుకుని షాపుకు వెళ్లింది. విషయం విని షాపు నడిపే అనిల్‌కుమార్ పడీ పడీ నవ్వాడు.

"అది ఆట పేజీ అన్నా! ఎవరో తమాషాకు చేసిండ్రు. రోజూ వెతికే పేజీ లెక్కనే ఉంటది, ముట్టుకుంటే అన్నీ రాలుతయ్. అక్షరాలు గాలిల తేలేది ఇంకోటుంది, చూస్తవా అక్కా?"

"ముందు ఏదీ పడని పేజీ తెరువు తమ్ముడూ."

అసలు పేజీ నీళ్లు నమిలి నమిలి తెరుచుకుంది. ఆమె నంబరు, పేరు, పక్కన సెకండ్ క్లాస్. పుష్పలత కళ్లు తుడుచుకుని మళ్లీ చదివింది. రవీందర్ మౌస్‌తో ఆ నంబర్‌ను నాలుగుసార్లు పొడిచి చూశాడు. కదల్లేదు. ఆమె వారించేలోపే సంబరంగా ఫోన్ కొట్టాడు.

"అమ్మా, ఈసారి నంబర్ పడలే! గట్టిగ..."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

వాళ్లు ఇల్లు చేరేసరికి ఆదెమ్మ గడప గడపకూ డబ్బా చాపుతోంది. "తప్పిందట. తినంగ మిగిలిన లడ్డూలు ఇటియ్యండ్రి."

"అత్తమ్మా, పాసైన!"

"పడ్డదా, పడలేదా? ఒక్కటి చెప్పు."

"అచ్చుపడ్డది. కింద పడలే."

ఆదెమ్మ లడ్డూలు మళ్లీ పంచడానికి డబ్బాతో వెనక్కి తిరిగింది.

ఈసారి వీధిలో ఎవరూ లడ్డూను లోపలికి తీసుకెళ్లలేదు. గడపలోనే నోట్లో వేసుకున్నారు.