దొంగ పాత్ర

ఆ మిర్చి ప్లేటు కొంచెం అటు జరపండి. ఇవాళ శనివారం, నేను ఉపవాసం. వీడికి భక్తి ఎప్పటినుంచి అని నవ్వకండి. నవ్వబోమని మాటిస్తేనే చెప్తాను. చెప్పుకోవడానికి సిగ్గే, అయినా మీకు కాకపోతే ఎవరికి చెప్పుకుంటాను?

రాయచూరు బజారులో మాది స్టీలు సామాన్ల అంగడి అని మీకు తెలుసు. ఆదివారం మధ్యాహ్నం అంగడి మూసి ఇంట్లో నేనొక ఆట ఆడిస్తానని మాత్రం తెలియదు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట. నేను కథ చెప్తాను. మిగతా ముగ్గురికీ తలా ఒక పాత్ర ఇస్తాను. ఒకడు వీరుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. కత్తి విసిరితే తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. ఇరవై పడితే పండగే. నా చేతికి ఎన్నడూ పదకొండు దాటలేదు.

ఆట ఆడించడమంటే పెళ్లి చేసినంత పని. వారమంతా కూర్చుని నేను పదిహేడు గదుల కోట కట్టి, గదికో రాక్షసుణ్ణి పెడితే, మా వీరులు కోట బయట బొరుగుల ఒగ్గాణి అమ్మే బండి ఉందా అని అడిగారు. ఉందని నోరు జారాను. రెండు గంటలు అక్కడే తిన్నారు. రాక్షసులు పదిహేడు మందీ పస్తు పడుకున్నారు. అయినా ఆ ముగ్గురూ "తర్వాతేమైంది?" అని ముందుకు వంగినప్పుడు కలిగే సంతోషం ఎన్ని గంగాళాలు అమ్మినా రాదు.

ఈ సంగతి మా ఆవిడ ధనశ్రీకి ఎలా చెప్పను? నలభై మూడేళ్లవాణ్ణి, బజారులో నలుగురు నమస్కారం పెట్టేవాణ్ణి, ఆదివారాలు డ్రాగన్‌లా గర్జిస్తానని పెళ్లానికి చెప్పే ధైర్యం లేకపోయింది. అందుకని ఒక ఎత్తు వేశాను.

"ఆదివారం ముగ్గురొస్తరు. పాత్రల గురించి మాట్లాడేదుంది" అన్నాను.

ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు చూడండి. మా అంగడి బోర్డు మీద కన్నడంలో ఉన్నది 'పాత్రె అంగడి' అనే. కన్నడంలో గిన్నె పాత్రె, వేషం పాత్ర. తెలుగులో రెండూ పాత్రే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"పెద్ద గిరాకేనా?" అంది ధనశ్రీ.

"శానా పెద్దది."

"పెండ్లి సామానా?"

"ఇంకా తేలలే."

పాపం, ఆమె నమ్మింది. ఆ ముగ్గురికీ ఒగ్గాణి, మిర్చి, చాయ్. మూడో ఆదివారం ఆమె చాయ్ తెచ్చే వేళకు లోపల మా మాటలు ఇలా నడుస్తున్నాయి.

"నాకు దొంగ పాత్రే కావాలె" అన్నాడు ఆంజనేయ. వీడిది శక్తినగర్‌లో ఉద్యోగం, కంపెనీ బస్సులో వస్తాడు. ఈగను కూడా చంపడు.

"పోయిన వారం నీకే ఇచ్చిన గద? ఈసారి పృథ్వికియ్యాలె" అన్నాను, పక్కవాణ్ణి చూపించి.

"అట్లైతే దొంగ పాత్రలు రెండియ్యి. గుడి తాళం నేను పలగ్గొడ్త, కిరీటం వాడు లేపుతడు."

"లేపున్రి. కాపలాదారు లేస్తే మాత్రం నన్ననొద్దు."

తలుపు అవతల కప్పులు గలగలలాడాయి. ఆ రోజు చాయ్ చల్లారిపోయి వచ్చింది. అప్పుడైనా నా బుర్రకు తట్టాలి కదా?

మర్నాటి నుంచి ధనశ్రీ అంగడికి వచ్చి ఒక్కో బిందె తిరగేసి, అడుగున ఎవరి పేరు కొట్టి ఉందో చూడసాగింది. వ్యాపారం మీద శ్రద్ధ కలిగిందనుకున్నాను. శనివారాలు అన్నం మానేసింది. "ఏంది, నాజూకైతున్నవా? సినిమాల చేరుతవా?" అని ఎకసెక్కం కూడా చేశాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎనిమిదో ఆదివారం. దుప్పటి రెక్కల్లా కప్పుకుని, కుర్చీ ఎక్కి డ్రాగన్‌లా గర్జిస్తున్నాను. తలుపు తెరుచుకుంది. ముందు ధనశ్రీ, వెనక యరగేర నుంచి దిగిన మా మామ రామలింగయ్య.

"కిరీటం యాడుంది?" అన్నాడు మామ.

ఆంజనేయ ఇంకా ఆటలోనే ఉన్నాడు. "నా సంచిలనే ఉంది, పెద్దాయనా" అన్నాడు.

"తియ్ బయటికి!"

సంచిలో టిఫిన్ డబ్బా దొరికింది. మామ దాన్ని తిరగేశాడు. అడుగున 'హంపమ్మ' అని పేరు కొట్టి ఉంది.

"ఎవరింట్ల లేపినవ్?"

"మా ఇంట్లనే. మా అమ్మది" అన్నాడు ఆంజనేయ ఏడుపు గొంతుతో.

"జర ఆగు నాయినా" అని ధనశ్రీ నా వైపు తిరిగింది. "అంగడి నడుస్తలేదా? నాకొక మాట చెప్పొద్దా? నా గాజులు లేవా? ఈ దొంగ సామాన్ల దందా ఎందుకు మనకు? ఈ మనిషికి బుద్ధియ్యి స్వామీ అని హనుమంతునికి మొక్కుకున్న. ఐదు శనివారాలాయె, మంచినీళ్లు తప్ప ఏం ముట్టలే."

నాకు కుర్చీ దిగడం కూడా చేతకాలేదు. నన్ను కాపాడటానికి ఆమె కడుపు మాడ్చుకుంది. నా పరువు కాపాడుకోవడానికి నేను ఆమెను ఏమార్చాను. ఆ దుప్పటి తల మీదికి లాక్కుని అలాగే ఉండిపోదామనిపించింది.

"దొంగ పాత్ర అంటే గిన్నె కాదు, వేషం. ఇది ఆట, అంతే" అన్నాను. మొత్తం చెప్పాను, పదిహేడు మంది రాక్షసులతో సహా.

మామ పాచికను అటూ ఇటూ తిప్పి చూసి, మంచం మీద కూలబడ్డాడు. మా వాళ్లు ముగ్గురూ నేల చూపులు చూస్తున్నారు. ధనశ్రీ ఆ పాచికను తన చేతిలోకి తీసుకుంది.

"ఈ ఆటల మీరు చెప్పిందే జరుగుతదా?" అంది.

"కథ చెప్పేటోని మాటే మాట."

"ఎవరు కాదనొద్దా?"

"కాదనొద్దు."

"అయితే నాకొక పాత్ర ఇయ్యున్రి."

బతికాననుకున్నాను. "నీకేది కావాలంటే అది! రాణిదా? మంత్రగత్తెదా?"

"కథ చెప్పేటోళ్ల పాత్ర."

ముగ్గురు వెధవలూ ఒక్కసారి తలలూపారు. నేను కుర్చీ దిగాను. ఆమె ఎక్కి కూర్చుంది.

"ఒక ఊళ్ల ఒక అంగడాయన. పెండ్లాం దగ్గర ఆట దాచిపెట్టిండు. దొంగ పాత్ర ఆయనదే. దొరికిండు" అంది ధనశ్రీ. "ఇగ శనివారాల ఉపవాసం ఆయనే ఉండాలె. ఎన్ని వారాలో నేను చెప్ప, పాచిక చెప్తది. ఎయ్యున్రి."

ఇంత సిగ్గులోనూ లోపల చిన్న ఆశ పుట్టింది. నా చెయ్యి సంగతి నాకు తెలుసు కదా, మూడో నాలుగో పడుతుంది. వేశాను. పాచిక దొర్లి దొర్లి మామ కాలికి తగిలి ఆగింది.

"ఇరవై!" అని అరిచాడు ఆంజనేయ. ముగ్గురూ లేచి చప్పట్లు కొట్టారు. మామ కూడా కొట్టాడు.

ఇవాళ్టికి మూడో శనివారం. ఆదివారాల ఆట ఇప్పుడు ఆమే ఆడిస్తోంది. ఆమె కథలో ఒగ్గాణి బండి లేదు.

మొదటి శనివారం సాయంత్రానికే నాకు కళ్లు తిరిగాయి. నాజూకవుతున్నారా అని ఆమె అడుగుతుందనుకున్నాను, ఆ మాటకు సిద్ధపడే కూర్చున్నాను. ఆమె మంచినీళ్ల గ్లాసు నా పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అడిగి ఉంటే బాగుండేది.