కచ్చడం ముందు కెరీర్

మనిషికి తన విలువలేమిటో తెలియకపోవడమంత హాయి ఇంకోటి లేదు! ఈ మాటంటే ఇప్పటి కెరీర్ కౌన్సెలర్లు నా మీద పడతారని తెలుసు. ‘మీ విలువలు తెలుసుకోండి, తృప్తినిచ్చే పని వెతుక్కోండి’ అంటూ వర్క్‌షాపులు పెట్టి, కాగితం, పెన్సిలు, సమోసా చేతిలో పెట్టే కాలం ఇది. పాపం, వాళ్లకెందుకింత శ్రమ? నిజాం రోజుల్లో బచ్చన్నపేట పక్కన ఒక ఊళ్లో ఈ పనంతా దొర ఒక్కడే చేసేవాడు. కన్సల్టేషన్ ఫీజు కూడా పుచ్చుకునేవాడు కాదు!

పోశాలు సంగతే తీసుకోండి. వాళ్ల నాయిన దొర కచ్చడం ముందు ఉరికేవాడు. కచ్చడం అంటే గూడు కట్టిన ఎడ్లబండి. దొర జనగామ రైలుస్టేషనుకు బయల్దేరితే, ఎడ్ల ముందు ఒక మనిషి ‘దొరొస్తుండు, తొలుగుండ్రి’ అని అరుస్తూ ఏడు కోసులూ, అంటే పద్నాలుగు మైళ్లూ, పరుగెత్తాలి. బాటలో తొలగాల్సిన వాళ్లెవరూ లేకపోయినా పరుగెత్తాలి. ముందు మనిషి ఉరక్కపోతే దొరకూ శావుకారుకూ తేడా ఏముంటుంది? నాయిన మోకాళ్లు పోయిన రోజున దొర పోశాలు కాళ్ల వైపు ఒకసారి చూశాడు. ఇంటర్వ్యూ అయిపోయింది!

పన్నెండేళ్లు పోశాలు ఆ కొలువు చేశాడు. ఎండాకాలం చేశాడు, వానాకాలం చేశాడు, కొమురవ్వతో పెళ్లయిన మర్నాడు కూడా చేశాడు. జీతం లేదు కనుక జీతం చాలలేదన్న దిగులు లేదు. సెలవు లేదు కనుక సెలవులో ఎక్కడికి పోవాలన్న బెంగ లేదు. ‘ఈ పనిలో నాకు సంతృప్తి ఉందా?’ అని ఒక్కనాడూ నిద్ర మానుకోలేదు. నడుం వాల్చగానే గుర్రు పెట్టేవాడు. ఇంత వర్క్ లైఫ్ బ్యాలెన్స్ ఏ కంపెనీ ఇస్తుంది చెప్పండి?

ఇంత చక్కటి ఏర్పాటును వెట్టి మీద తిరగబడ్డ రైతుల సంఘం వాళ్లొచ్చి పాడుచేశారు. ఊరంతా గుత్ప కట్టెలు పట్టుకుని దొర కాపురముండే గడీ మీదికి కదిలేసరికి అతను హైదరాబాదు పారిపోయాడు. వెట్టి పోయింది! అంతటితో ఊరుకోవచ్చు కదా? సంఘం నడిపే భిక్షపతి ఊరిని చావడి ముందు కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు.

“పోశాలన్నా, ఇగ నీకు ఏం పని జెయ్యబుద్దైతంది?”

ముప్పై ఏళ్ల బతుకులో ఆ ప్రశ్న వినడం అదే మొదలు. వేరే పోశాలు ఎవరైనా ఉన్నాడేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

“మీరేది జెప్తె గది జేస్త బాంచన్.”

“బాంచన్ అనకు. మేం దొరలం గాదు. నువ్వే జెప్పు.”

చివరికి భిక్షపతే తేల్చేశాడు. “నీయంత ఉరికెటోడు తాలూకల లేడు. ఊరూరికి సంఘం చిట్టీలు మోయి.”

అందరూ చప్పట్లు కొట్టారు. చక్కని సలహా! ఇప్పటి కౌన్సెలర్లూ ఇదే చెబుతారు, మీకు బాగా వచ్చిన పనే మీకు నచ్చిన పని అని. అది బాగా ఎలా వచ్చిందని మాత్రం అడగరు.

భిక్షపతి అంటే పోశాలుకు ప్రాణం. వద్దంటే ఏమనుకుంటాడో! దొరే నయమనుకుంటున్నాడని అంటారేమో! మూడు రోజులు అన్నం సయించలేదు. చూసి చూసి కొమురవ్వ అడిగింది.

“ఏందయ్యా, గట్ల పరేషానైతున్నవు? నీకేం గావాలె?”

“మెల్లగ నడిచే పని గావాలెనే,” అన్నాడు. అని, తన నోట్లోంచి వచ్చిన మాటకు తానే బిత్తరపోయాడు.

“గా మాటే పోయి జెప్పు. వాళ్లేమన్న మింగుతరా?”

పోయి చెప్పాడు. “అన్నా, ఉరుకుడు ఇగ నాతోని గాదు. పన్నెండేండ్లు ఎడ్ల ముందట ఉరికిన. జర ఎడ్ల ఎనుక నడుస్త. నాగలి ఇయ్యుండ్రి.”

భిక్షపతి ముందు నోరు తెరిచాడు, ఆ తర్వాత పగలబడి నవ్వాడు, ఆ తర్వాత దొర కలిపేసుకున్న ఊరి భూమిలోంచి రెండెకరాలు, ఒక ఎడ్ల జత ఇప్పించాడు. ఆ వానాకాలం పోశాలు దున్నినంత మెల్లగా ఆ ఊళ్లో ఎవరూ దున్నలేదు. ఎడ్లకే విసుగొచ్చింది! కొమురవ్వ అంబలి తెచ్చి గట్టు మీద కూర్చుంటే, ఇంకో సాలు, ఇంకొక్క సాలు అంటూ వచ్చేవాడు కాదు. ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను.

చూశారా సంఘం చేసిన తప్పు? అడిగితే అడిగింది, జవాబు కూడా వింది! నేటి కంపెనీలు ఎంత తెలివైనవి! మీ విలువలు అడుగుతాయి, రంగు కాగితం మీద రాయించుకుంటాయి, గోడకు అంటిస్తాయి, సోమవారం నుంచి మళ్లీ పాత పనే చేయిస్తాయి. ఎవరికీ ఏ ప్రమాదమూ ఉండదు.

ఇక్కడ ప్రమాదం రెండేళ్లకు బయటపడింది. దొర తిరిగొచ్చాడు, ఈసారి జీపులో, సంఘం వాళ్లను పట్టుకునే పోలీసులను వెంటేసుకుని. రెండెకరాలూ లాక్కున్నాడు. పోశాలును గడీకి పిలిపించి, పాత కొలువు మళ్లీ ఇస్తానని దయ కూడా చూపించాడు. జీపు ముందు కూడా మనిషి ఉరికితేనే అందమట!

“నేనురక,” అన్నాడు పోశాలు.

పక్కనున్న ఇన్‌స్పెక్టర్ లాఠీ పైకెత్తాడు. “ఎవడ్రా నీకీ మాట నేర్పింది? పేరు చెప్పు!”

భిక్షపతి పేరును పోశాలు నోటిదాకా రానివ్వలేదు.

“ఎవ్వలు నేర్పలే సారూ. నీకేం గావాలెనని ఒక్కపారి అడిగిండ్రు. గంతే.”