కారు వినకూడని మాట

ఆ శనివారం ఉదయం లైబ్రేరియన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కారును మెకానిక్కుకు చూపించాలి, బాగు చేయించాలో మార్చాలో తేల్చుకోవాలి, మధ్యాహ్నం భోంచేసి పడుకోవాలి. ఈ మూడింటిలో ఆయన మనసంతా చివరిదాని మీదే ఉంది.

కారు హైబ్రిడ్డు. కొన్న కొత్తలో పెట్రోలూ కరెంటూ కలిపి నడిచే బండట అని వీధంతా వచ్చి చూసి వెళ్ళింది. ఇప్పుడు రెండూ ఉన్నా నడవనంటోంది. నెల రోజులుగా స్టీరింగు వెనక ఎర్ర త్రికోణం వెలుగుతోంది, బుద్ధి పుట్టినచోట ఆగిపోతోంది. సోమవారం నుంచి ఆయన భార్యకు ఊరి ఆ చివరన ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉద్యోగం. బస్సులు తిరగకముందే డ్యూటీ ఎక్కాలి. ఎంతో ఎదురుచూసి తెచ్చుకున్న ఉద్యోగం. మొదటిరోజే నడిరోడ్డు మీద నిలబడిపోతే అది ఉంటుందో ఊడుతుందోనని ఆవిడకు కంటి మీద కునుకు లేదు.

ఇంత ముఖ్యమైన సంగతి దారిలో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకూడదు. గోడలకు చెవులుంటాయని లోకం అంటుంది. ఈ ఇంట్లో ఫ్రిజ్జుకూ ఉంటాయి. ఒకసారి పాత ఫ్రిజ్జు ఎదుటే దాన్ని అమ్మేద్దామనుకున్నారు, మర్నాటికల్లా అది పనిచెయ్యడం మానేసింది. వాషింగ్ మెషీనూ అంతే చేసింది. అప్పటినుంచి లైబ్రేరియన్ తల్లి శాసనం ఒకటే: అమ్మకం మాట ఆ వస్తువు ముందు ఎత్తకూడదు. కొడుకూ కోడలూ నవ్వారు, నవ్వుతూనే పాటించారు. నెల క్రితం లైబ్రేరియన్ నోరు జారి, కారులోనే "కొత్తది చూద్దామా" అన్నాడు. వారం తిరగకుండా ఎర్ర త్రికోణం వెలిగింది. ఇంక ఆ నవ్వు కూడా పోయింది.

షెడ్డు ముందు కారు ఆగింది. ముందు సీట్లో భార్య, వెనక సీట్లో తల్లి. లైబ్రేరియన్ దిగి మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు.

"ఒక్కసారి ఆ గోడ పక్కకి వస్తారా?"

"ఇక్కడే చెప్పండి సార్."

"ఇక్కడ వద్దు, వినపడుతుంది."

"ఎవరికి?"

రోజంతా పుస్తకాల మధ్య బతికే మనిషి, కారుకని ఎలా చెప్తాడు? "మా ఆవిడకి" అనేశాడు. గోడ చాటుకు వెళ్ళాక అసలు గోడు వెళ్ళబోసుకున్నాడు. "కొత్తది వెతకడం, తిరగడం, బేరాలు, నాకు ఓపిక లేదండి. ఎలాగోలా దీన్నే నడిచేలా చెయ్యండి."

మెకానిక్కు బానెట్టు ఎత్తి, ఏదో యంత్రం తగిలించి చూసి పెదవి విరిచాడు. పెద్ద బ్యాటరీ పనైపోయింది, అది మార్చాలి, లేదా కారే మార్చాలి అని గోడ చాటునే తీర్పు చెప్పాడు. మెకానిక్కు ఇంకా చేతులు తుడుచుకుంటుండగానే భార్య దిగింది.

"అన్నా, కొంచెం ఆ గోడ పక్కకి వస్తారా? ఇక్కడైతే వినపడుతుంది."

"ఎవరికమ్మా?"

ఆవిడా చదువుకున్న మనిషే. "మా ఆయనకి" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇది ఇంక పనికిరాదని మీరే గట్టిగా చెప్పండి. దీన్ని నమ్ముకుని నేను ఉద్యోగానికి వెళ్ళలేను" అంది.

మెకానిక్కు మనసు మెత్తనిది, నోరు అంతకన్నా మెత్తనిది. ఒకే కారులో వచ్చిన మొగుడూ పెళ్ళాలు ఒకరికి తెలియకుండా ఒకరు గోడ చాటుకు వచ్చారంటే చెడింది కారు కాదని ఆయనకు తోచింది. ఈ షెడ్డును వాళ్ళకు చూపించింది ఆవిడ అన్నగారే. వెంటనే ఆయనకు ఫోను చేశాడు.

"అన్నా, నువ్వు త్వరగా రా. మీ చెల్లి సంసారం బాగా లేదు."

ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడి అంటారు. అన్నగారు ఇస్త్రీ చేస్తున్న చొక్కాను సగంలో తొడుక్కుని వచ్చేశాడు. ఒక చెయ్యి నున్నగా ఉంది, రెండోది ముడతలు.

"బావగారూ, నా చెల్లెలికి తెలియకుండా గోడ చాటున ఏం మాట్లాడారు?"

లైబ్రేరియన్ నోరు తెరిచాడు, కారు వైపు చూశాడు, మూసుకున్నాడు.

"నాకు తెలియకుండానా?" అంది భార్య.

"నువ్వు మాత్రం వెళ్ళలేదా?" అన్నాడు లైబ్రేరియన్, అప్పుడే మెకానిక్కు మొహం చదివి.

"నేనెందుకు వెళ్ళానో మీకు తెలీదా?"

"నేనెందుకు వెళ్ళానో నీకు తెలీదా?"

ఇద్దరికీ తెలుసు. ఆ మాట కారు ముందు అనే వీల్లేదు. అందుకని దానికి బదులు అక్కర్లేనివన్నీ అనుకున్నారు: బద్ధకం, మొండితనం, కిందటేడాది ఆగిపోయిన ప్రయాణం, ఎవరి వైపు చుట్టాలు ఎక్కువ తిన్నారు. మధ్యాహ్నం నిద్ర తన కళ్ళముందే కరిగిపోవడం లైబ్రేరియన్‌కు తెలుస్తూనే ఉంది. ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది.

అన్నగారు ఇక ఆగలేకపోయాడు. "ఈ డొక్కు కోసమేనా ఇంత రభస? ఇవాళే అమ్మిపారెయ్యండి" అని బానెట్టు మీద ఫట్‌మని చరిచాడు.

భార్య కళ్ళు మూసుకుంది. ఇంక సోమవారం లేదు, ఉద్యోగమూ లేదు అనుకుంది.

వెనక సీట్లోంచి పెద్దావిడ తాపీగా అంది. "కంగారు పడకండి. దానికి వినపడదు."

"ఏంటమ్మా?" అన్నాడు లైబ్రేరియన్.

"ఆ రోజు నువ్వు నోరు జారావు కదరా. అది పూర్తిగా వినేలోపే చెవిలో గుడ్డలు కుక్కేశాను. ఇదిగో, నా మోకాలి పక్కనే ఉంది చెవి. మనం మాట్లాడినప్పుడల్లా సన్నగా ఊపిరి పీల్చేది కూడాను."

"అది చెవి కాదమ్మా, బ్యాటరీ గాలి పీల్చేది అందులోంచే" అన్నాడు మెకానిక్కు, మొహం పాలిపోయి. ఆవిడ చూపించిన చిల్లుల బిళ్ళ, వెనక సీటు కింది పెద్ద బ్యాటరీకి చల్లగాలి వెళ్ళే దారి. తాను అటు చూడనే లేదు. వంగి, బిళ్ళ ఊడదీసి లాగితే స్వెట్టరు చెయ్యి ఒకటి, మఫ్లరు ఒకటి, నెల రోజులుగా లైబ్రేరియన్ వెతుక్కుంటున్న సాక్సులన్నీ వచ్చాయి. గాలాడక ఉడికిపోయిన బ్యాటరీ కాసేపటికి చల్లబడింది. మెకానిక్కు మళ్ళీ యంత్రం తగిలించి, బిక్కమొహంతో బ్యాటరీ బాగానే ఉందన్నాడు. కారు స్టార్టు చేస్తే త్రికోణం లేదు.

భార్య స్టీరింగు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చింది. ఎక్కడా ఆగలేదు. "సోమవారం దీన్లోనే వెళ్తాను" అంది. ఆ మాటతో పాటు కళ్ళనీళ్ళూ వచ్చాయి. లైబ్రేరియన్ సాక్సులు జేబులో పెట్టుకుని, "పద, ఇంటికెళ్ళి పడుకుందాం" అన్నాడు. అన్నగారు తన వల్లే రాజీ కుదిరిందని మురిసిపోయాడు.

బయల్దేరబోతుంటే పెద్దావిడ కిటికీలోంచి మెకానిక్కును పిలిచింది. "మరి ఇది ముక్కైతే, చెవి ఎక్కడుంటుంది నాయనా?"

మెకానిక్కు కారు వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఇక్కడొద్దమ్మా, ఆ గోడ పక్కకి రండి" అన్నాడు.