హౌస్‌ఫుల్ బోర్డు ఎవరు దింపాలి

ఆ రోజు ఉదయం బుకింగ్ అత్తయ్య వేసుకున్న పథకంలో మెలికలేమీ లేవు. పురపాలక ఇంజనీరు వచ్చే వేళకి పాత సినిమా హాలు నిండా వీధి జనం కూర్చుని ఉండాలి. ఆయన చూడాలి. చూసి తన దారిన తాను వెళ్ళాలి. అందుకని తెల్లారగానే హాలు ఊడ్చి, కుర్చీలు తుడిచి, స్ప్రింగులు పైకి లేచిన వాటి మీద గోనెపట్టాలు పరిచింది.

నడిబజారులో ఉన్న ఆ హాలు మూతపడి చాలా ఏళ్ళయింది. ఆడినన్నాళ్ళూ టికెట్ల కిటికీ వెనక కూర్చున్నది అత్తయ్య. గేటు దగ్గర టికెట్లు చింపింది ఆవిడ భర్త. వీధి మొత్తానికి ఆవిడ బుకింగ్ అత్తయ్య, ఆయన గేటు మామయ్య. హాలు వెనకే పురపాలక కార్యాలయం, ఆ రెంటి మధ్య ఆఫీసు బళ్ళు పెట్టుకునే షెడ్డు ఉన్నాయి. షెడ్డు చాలడం లేదు, హాలు కూల్చి పెంచేద్దామని కమిషనరు అనుకున్నాడు. ఆ సంగతి చెవిన పడగానే అత్తయ్య నేరుగా ఆయన గదికి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈ బజార్లో కాఫీ తాగితేనే కుర్చీ ఇస్తారండీ. ఊరికే కాసేపు కూర్చోవాలంటే ఆస్పత్రికి పోవాలి, లేదంటే మీ ఆఫీసుకి రావాలి. ఆ హాలు మాకొదిలేయండి. పిల్లలు చదువుకుంటారు, ఆడవాళ్ళు కుట్టు నేర్చుకుంటారు, ముసలాళ్ళు పోట్లాడుకుంటారు."

"అసలు జనం వస్తారా అమ్మా?" అన్నాడు కమిషనరు. "మా ఇంజనీరుని పంపిస్తాను. హాలు నిండితే మీది. ఖాళీగా ఉందా, మర్నాడే పడగొట్టిస్తా."

అత్తయ్య గడపగడపకీ తిరిగి చెప్పింది. అందరూ తప్పకుండా వస్తామన్నారు. తప్పకుండా వస్తామన్నవాళ్ళు ఎలా వస్తారో లోకానికి తెలిసిందే. మనం వెళ్ళకపోతే పక్కింటివాళ్ళు వెళ్తారులే అని ప్రతి ఇల్లూ అనుకుంది. ఇంజనీరు వచ్చే వేళ దగ్గరపడింది గానీ హాల్లో అత్తయ్యా రెండు పావురాలూ తప్ప ఎవరూ లేరు.

ఈ జబ్బుకి మందు సినిమా హాలు వాళ్ళకి బాగా తెలుసు. బొమ్మ ఆడక జనం పల్చబడ్డప్పుడు, పాత మేనేజరు ఖాళీ హాలుకే హౌస్‌ఫుల్ బోర్డు పెట్టించేవాడు. దొరకదని తెలిస్తే చాలు, వద్దన్నవాడు కూడా ఎగబడతాడు. అత్తయ్య మూలనున్న బోర్డు దులిపి, గేటుకి తగిలించి, లోపలికి వెళ్ళింది.

మందు వికటించేంతగా పనిచేసింది. బోర్డు ముందుగా దర్జీ కంట పడింది. నన్ను రమ్మని నేను లేకుండానే నింపేసిందా అని మిషను వదిలి పరుగెత్తాడు. దర్జీ పరుగెత్తడం ఎవరూ ఎరగరు కనక, సెలూన్లో సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి నురగతోనే లేచి వెంటపడ్డాడు. ఆయన వెనక కూరలమ్మే ఆవిడ, ఆవిడ వెనక ఆవిడతో బేరమాడుతున్నవాళ్ళు. చూస్తూండగానే వరస వీధి మలుపు తిరిగింది.

ఇదేమీ తెలియని ఇంజనీరు ఆఫీసు వైపు నుంచి వెనక తలుపులోంచి ప్రవేశించాడు. కుర్చీలు చూశాడు, పావురాల్ని చూశాడు, కమిషనరుకి ఫోన్ చేసి, "ఒక్కడు కూడా లేడండీ" అన్నాడు. అత్తయ్య "కాస్త కూర్చోండి బాబూ, వచ్చేస్తున్నారు" అని గేటు దగ్గరికి పరుగెత్తింది.

అక్కడ జనం గేటుని నెడుతున్నారు. బోర్డు చూడగానే పాత అలవాటుగా డ్యూటీకెక్కిన మామయ్య, లోపల్నుంచి గేటు మూసి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఏమండీ, గేటు తియ్యండి."

"డ్యూటీలో ఏమండీలు లేవు. బోర్డు ఉంది, కనబడ్డం లేదా?"

"అది పెట్టింది నేనే. లోపల ఎవరూ లేరు."

"ఉన్నారో లేరో చూడ్డం గేటు పని కాదు. బోర్డు ఉంటే మా నాన్నొచ్చినా వదలను. ఒకసారి వచ్చాడు కూడా. వదల్లేదు."

"అయితే దింపేస్తాను."

"పెట్టడం బుకింగ్ పని. దింపడం మేనేజరు పని."

"ఆ మేనేజరు పోయాడు కదండీ."

"అది ఆయనిష్టం. రూలు పోలేదు."

మామయ్యని తిట్టుకుని లాభం లేదు. హాలు నిండాక దయతలచి ఒక్కసారి గేటు తీసిన రోజున, తొక్కిసలాటలో పదిమంది కాళ్ళు విరిగిన సంగతి ఆయన మరిచిపోలేదు. అత్తయ్యకీ అది తెలుసు. తెలిసినా ఆ క్షణాన ఆయన్ని నమిలి మింగెయ్యాలనిపించింది.

ఈలోగా బయటి గోల ఏమిటో చూద్దామని ఇంజనీరు పక్క తలుపు తోసుకుని వీధిలోకి వచ్చాడు. సినిమా హాలు పక్క తలుపులు లోపల్నుంచే తెరుచుకుంటాయి. అది కాస్తా వెనకాల మూసుకుపోయింది.

"ఎందుకీ తోపులాట? లోపల ఎవరూ లేరు, నేను చూసే వస్తున్నా" అన్నాడు జనంతో.

"ఓహో, మమ్మల్ని ఇంటికి పంపించి నువ్వు దూరదామనా?" అన్నాడు నురగ గడ్డం పెద్దమనిషి. "క్యూ అటుంది. నడు."

ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారుతూ ఇంజనీరు వరస చివరికి చేరాడు. ఆ చివర సరిగ్గా పురపాలక కార్యాలయం గేటు ముందుంది. కమిషనరు జీపు బయటికి వెళ్ళడానికి దారి లేదు. ఆయన దిగి చూస్తే తన ఇంజనీరే అడ్డంగా ఉన్నాడు.

"హాలు ఖాళీ అన్నావు కదయ్యా ఫోన్లో?"

"ఖాళీయేనండీ."

"మరి నువ్వెందుకు నిలబడ్డావు?"

"లోపలికి వెళ్దామనండీ."

కమిషనరు ముక్కుపుటాలు ఎగరేసుకుంటూ వరస పక్కనే గేటు దాకా నడిచాడు. దారిపొడుగునా వాదనలే. కుట్టు క్లాసు ఏ వేళ పెట్టాలో దర్జీ నిర్ణయిస్తున్నాడు. పిల్లల చదువుకి బాల్కనీ మంచిదని కూరలావిడ అంటోంది. ముసలాళ్ళు లోపలికి వెళ్ళేదాకా ఆగలేక పోట్లాట మొదలుపెట్టేశారు.

"ఏమిటమ్మా ఈ మోసం? ఖాళీ హాలుకి హౌస్‌ఫుల్ బోర్డా?" అన్నాడు కమిషనరు. "రేపటి దాకా ఎందుకు, ఇవాళే పడగొట్టిస్తాను."

అత్తయ్యకి ముందు భయం వేసింది. ఆ భయం మీద కోపం వచ్చింది.

"మోసమే. చేశాను. అవసరమైతే మళ్ళీ చేస్తాను. మీ ఇంజనీరు కుర్చీల్ని చూసి వెళ్ళాడు, మీరు మనుషుల్ని చూడండి. లోపల బొమ్మ లేదని వీళ్ళందరికీ తెలుసు. అయినా ఎండలో నిలబడ్డారు. కూల్చుకుంటారా, కూల్చుకోండి. ముందు మమ్మల్ని దాటి రండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు గానీ వరస ఇంకాస్త దగ్గరికి జరిగి గట్టిపడింది. అత్తయ్య మొగుడి వైపు తిరిగింది.

"ఇవాళ్టి నుంచి మేనేజర్ని నేను."

"ఎవరు వేశారు?" అన్నాడు మామయ్య.

"మేం వేశాం" అన్నాడు దర్జీ. నురగ గడ్డం, కూరలావిడ, వెనక్కి వెనక్కి మలుపు దాకా అందరూ అదే మాట అన్నారు. అందరితోపాటు నోరు కదిపిన ఇంజనీరు, తర్వాత నాలిక కరుచుకున్నాడు.

మామయ్య చొక్కా సర్దుకుని పక్కకి తప్పుకున్నాడు. "మంచిది మేడమ్" అన్నాడు. ఆయన గొంతులో గర్వం అత్తయ్యకి వినిపించింది. బోర్డు దింపింది. గేటు తెరుచుకుంది.

కిందా పైనా నడవాల్లోనూ జనం కిక్కిరిశారు. ఆ ఊపులో లోపలికి కొట్టుకొచ్చిన కమిషనరుకి కూర్చోడానికి కుర్చీ దొరకలేదు. గోడకి ఆనుకుని చుట్టూ చూశాడు. ఇంతమంది ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం కుదరదని ఆయనకి అర్థమైంది.

"సరేనమ్మా. నిండింది. మీదే."

"నిండడమేంటండీ?" అంది అత్తయ్య. "చాలలేదు. సగం మంది ఇంకా వీధిలోనే ఉన్నారు. ఆ వెనక షెడ్డు కూడా కావాలి."

కమిషనరు సాయం కోసం ఇంజనీరు వైపు చూశాడు. గోనెపట్టా మీద కూర్చున్న ఇంజనీరు తల దించుకున్నాడు.

"లేచి ఏదో ఒకటి చెప్పవయ్యా."

"లేస్తే సీటు పోతుందండీ. అయినా షెడ్డు లేకపోతే వీళ్ళకి చాలదు, ఆవిడ చెప్పింది నిజమే."

ఇప్పుడు ముసలాళ్ళ పోట్లాటలన్నీ షెడ్డులోనే జరుగుతున్నాయి. కమిషనరుగారు రోజూ నడిచి ఆఫీసుకి వస్తున్నారు, నడక ఒంటికి చాలా మంచిదని అడగనివాళ్ళకి కూడా చెబుతున్నారు.