మర్యాద కోర్సులో చిలక

"ఈ నెలాఖరుకల్లా ప్రజలతో మర్యాదగా మాట్లాడటం రాని ఉద్యోగి ఒక్కడు కూడా మిగలకూడదు. మిగిలాడో, తోలు తీస్తా!" అని మంత్రిగారు బల్ల గుద్ది ప్రకటించారు. మర్యాద మీద ఆయన పట్టుదలకు పత్రికలవాళ్లు కూడా ముచ్చటపడ్డారు.

ఆ మర్యాదను ఆన్‌లైన్ కోర్సుగా మలిచే భాగ్యం శిక్షణ కార్యాలయం మూలగదిలో కూర్చునే కంప్యూటర్ ఆపరేటర్‌కు దక్కింది. పాపం, అతనికి కావలసింది భాగ్యం కాదు, బదిలీ. భార్య వేరే ఊళ్లో ప్రభుత్వాసుపత్రి నర్సు. మూడేళ్లుగా కాపురం ఫోన్లోనే సాగుతోంది.

"కోర్సు చేసిపెట్టవయ్యా, నువ్వడిగిన ఊరికి బదిలీ నా పూచీ," అన్నారు డైరెక్టరుగారు.

"పాఠం ఎవరు రాస్తారండీ?"

"దానికి కమిటీ వేస్తాం. ముందు మంచి యానిమేషన్ టెంప్లేట్ కొను. అన్నీ కదలాలి. కదలకపోతే ఎవడు చూస్తాడు?"

కొన్నాడు. తెరలు, గంతులేసే బాణాలు, ఎగిరే చిలక, అన్నీ అందులోనే ఉన్నాయి. పాఠం మాత్రం మనం నింపుకోవాలి. నింపాల్సిన ప్రతిచోటా "ఇక్కడ మీ విషయం రాయండి" అని గుర్తు పెట్టి ఉంది.

కమిటీ నాలుగుసార్లు కూర్చుంది. చిలక ఎడమనుంచి రావాలా, కుడినుంచి రావాలా అన్నదానికే రెండు రోజులు పట్టింది. మంత్రిగారు ఆ వారం ఎటువైపు ఉన్నారో ఎవరికీ తెలియక, చివరికి చిలకను పైనుంచి దింపారు. మూడోరోజు మంత్రిగారి ఫొటోను గిరగిరా తిప్పి చూస్తే తలకిందులుగా ఆగింది. దాన్ని నిలబెట్టేసరికి నాలుగోరోజూ అయిపోయింది.

"అయ్యా, పాఠం..."

"రేపు ప్రారంభోత్సవం పెట్టుకుని పాఠం అంటావేంటయ్యా!"

మంత్రిగారు మీట నొక్కారు. చిలక దిగింది. తెర తొలగింది. అక్షరాలు ఒక్కొక్కటే గెంతుతూ వచ్చి నిలబడ్డాయి.

"ఇక్కడ... మీ... విషయం... రాయండి," అని మంత్రిగారు బిగ్గరగా చదివారు.

"ఆహా! ప్రజల విషయం ప్రజల్నే రాసుకోమంటున్నాం. ఇంతకన్నా మర్యాద ఏముంటుందయ్యా?" అన్నారు మంత్రిగారే.

హాలు చప్పట్లతో మారుమోగింది.

వారంలో నలభైవేలమంది కోర్సు పూర్తిచేశారు. పరీక్షలో ప్రశ్న: "ఇక్కడ ప్రశ్న రాయండి." జవాబులు నాలుగూ ఒకటే: "ఇక్కడ జవాబు రాయండి." అందరికీ నూటికి నూరు వచ్చాయి. ఒక్కడూ కాపీ కొట్టలేదు. అంతటి నిజాయితీ మన కార్యాలయాల్లో అరుదు.

భార్య ఫోన్ చేసింది. "నాకూ సర్టిఫికెట్ వచ్చిందండీ. పాఠమేది?"

"లేదు."

"మా గుమస్తా ఇవాళ ఓ ముసలమ్మను కసిరి తరిమేశాడు. సర్టిఫికెట్ గోడకు తగిలించుకుని మరీ కసిరాడు. ఒక్క మాటైనా రాయండి, మీకు పుణ్యముంటుంది."

అతనికి సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే మొదటి స్లైడులో ఒక్క వాక్యం రాశాడు: "వచ్చినవారిని ముందు కూర్చోమనండి."

మధ్యాహ్నానికి పదకొండు వందల ఫిర్యాదులొచ్చాయి. కోర్సు కఠినమైపోయిందట. ఏవో అక్షరాలు చిలకకు అడ్డొస్తున్నాయట.

"బంగారంలాంటి కోర్సును పాడుచేశావు కదయ్యా!" అన్నారు డైరెక్టరుగారు.

"కూర్చోమనే కదండీ రాశాను..."

"నోర్ముయ్! నిలబడి మాట్లాడు!"

నిలబడే ఉన్నాడు. ఇంకా నిటారుగా నిలబడ్డాడు.

సాయంత్రానికల్లా శిక్ష కింద బదిలీ ఉత్తర్వు అతని కంప్యూటర్‌కే వచ్చింది. ఆ టెంప్లేట్ అందరికీ తెగ నచ్చడంతో ఇప్పుడు ఉత్తర్వులన్నీ అందులోనే తయారవుతున్నాయి. చిలక దిగింది. తెర తొలగింది. డైరెక్టరుగారి సంతకం మూడు పల్టీలు కొట్టి కిందికొచ్చి నిలబడింది. దానిపైన ఇలా ఉంది:

"మిమ్మల్ని తక్షణమే బదిలీ చేయడమైనది. చేరవలసిన చోటు: ఇక్కడ ఊరి పేరు రాయండి."

ఆపరేటర్ రెండుసార్లు చదివాడు. పదేళ్ల ఉద్యోగంలో పైవాళ్ల మాట ఏనాడూ జవదాటని మనిషి. కీబోర్డు దగ్గరికి లాక్కుని, కళ్లు తుడుచుకుని, చెప్పినట్టే రాశాడు.